ఎనిమిది బల్లల పేకాట

కోరుట్లలో మా చెల్లెలి ఇంట రాత్రి పదకొండు దాటినా రెండు చప్పుళ్లు వినిపించేవి. ముందుగదిలో తునికాకు కత్తిరిస్తున్న కత్తెర చప్పుడు ఒకటి. లోపలిగదిలో ఉండి ఉండి "టింగు" మని మోగే గంట చప్పుడు రెండోది. మొదటిది మా చెల్లెలిది. చాట ఒళ్లో పెట్టుకుని, తెల్లవారి అప్పజెప్పవలసిన బీడీల లెక్క పూర్తి చేస్తూ ఉండేది. రెండోది ఆమె కొడుకుది.

అది 2016వ సంవత్సరం వేసవి. నేను సిరిసిల్లలో బయలుదేరి, జగిత్యాలలో బస్సు మారి, పొద్దుగూకేవేళకు కోరుట్ల చేరాను. బావ మస్కట్‌లో ఉన్నాడు. మా జిల్లాలవారికి ఇది వింత కాదు. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని మూడు బాయిలు చెప్పుకుంటారు మావైపు. ప్రతి ఇంటినుంచీ ఎవరో ఒకరు ఏదో ఒక బాయిలో దిగినవారే. బావ పంపిన డబ్బుతో ఇంటికి గోడలు లేచాయి. పైన స్లాబు పడాలి. మేనల్లుడు జగిత్యాల దగ్గర ఇంజనీరింగు చదివి, ఉద్యోగం కోసం చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ రాత్రులు కంప్యూటరు ముందు కూర్చుంటున్నాడని చెల్లెలు ఫోనులో చెప్పింది. నన్ను రమ్మన్నది అందుకే.

భోజనమయ్యాక గదిలోకి తొంగి చూశాను. కంప్యూటరు తెర ఎనిమిది గళ్లుగా చీలి ఉంది. ఒక్కొక్క గడిలో ఒక ఆకుపచ్చ బల్ల, దాని చుట్టూ తొమ్మిది కుర్చీలు, నడుమ పేకముక్కలు. ఏ గడిలో గంట మోగితే అక్కడికి వాడి చెయ్యి పోతున్నది. రెండు సెకండ్లు చూస్తాడు, నొక్కుతాడు, మరో గడికి పోతాడు.

"ఇదేం తమాషారా?" అన్నాను.

"పోకరు మామా. ఎనిమిది టోర్నమెంట్లు ఒక్కసారే నడుస్తున్నయ్. ఒక్కదాంట్ల పోయినా ఇంకోదాంట్ల వస్తది."

"అంటే పత్తాలాటే గదా!"

"పత్తాలే గని, అదృష్టం కాదు మామా. గిది లెక్క."

నేను సిరిసిల్లలో పదమూడేళ్లు సాంచలు నడిపి, ఆ తరువాత గుమాస్తాగా కుదురుకున్నవాణ్ని. లెక్క అనే మాట వింటే నా చెవులు నిక్కుతాయి.

"అయితే గెలుస్తున్నావా?"

"రోజూ ఏదో ఒకటి కొడ్తనే ఉన్న," అన్నాడు, తెరమీదినుంచి కన్ను తిప్పకుండా.

ఆ మాట అబద్ధం కాదు. వాడు నిజమే చెప్పాడు. ఆ నిజంలో ఉన్న చిక్కు తెలియడానికి మా ఇద్దరికీ నెలరోజులు పట్టింది.

బల్ల మీద ఏం జరుగుతుంది?

రమ్మీ తెలియనివారు మనలో తక్కువ. పోకరు అంతగా తెలిసిన ఆట కాదు గనక నాలుగు మాటలు చెప్పాలి. ఇందులో ఎక్కువమంది ఆడే పద్ధతిని టెక్సాస్ హోల్డెమ్ అంటారు. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి పంచుతారు. ఆ తరువాత బల్ల నడుమ అందరికీ ఉమ్మడిగా ముందు మూడు, పిమ్మట ఒకటి, చివరికి మరొకటి, మొత్తం ఐదు ముక్కలు విప్పుతారు. తన రెండూ, ఆ ఐదూ కలిపి చూసుకుని, అందులో మంచి ఐదింటిని ఎంచుకోవాలి. ప్రతి మెట్టులోనూ పందెం ఉంటుంది. పందెం కాయవచ్చు, పెంచవచ్చు, ముక్కలు పారేసి తప్పుకోవచ్చు. అందరినీ బెదరగొట్టి తప్పించగలిగితే చేతిలో ఏమీ లేకపోయినా సొమ్ము మనదే. నేర్పు ప్రవేశించేది ఇక్కడ.

టోర్నమెంటు తీరు వేరు. అందరూ ఒకే రుసుము కడతారు, అందరికీ సమానంగా బిళ్ళలు ఇస్తారు. ఆ బిళ్ళలు డబ్బు కావు. అయిపోతే ఇంటికి పోవలసిందే. ముక్కలు పంచకముందే ఇద్దరు ఆటగాళ్లు విధిగా కాయవలసిన పందాలు రెండుంటాయి. అవి వంతులవారీగా అందరికీ వస్తాయి, కొన్ని నిమిషాలకొకసారి పెరుగుతూ పోతాయి. కాబట్టి మంచి ముక్క వచ్చేదాకా గోడకు ఆనుకుని కూర్చుంటానంటే కుదరదు. కూర్చున్నవాడి బిళ్ళలు వాటంతట అవే కరిగిపోతాయి. చివరిదాకా నిలిచిన కొద్దిమందికే బహుమతులు. వాటిలోనూ పెద్దభాగం మొదటి ముగ్గురిది.

మరి ఎనిమిది బల్లలు ఎందుకు? దీనికి కారణం ఆ ముక్కలలోనే ఉంది. 52 ముక్కలలోనుంచి రెండు ముక్కలు 1,326 విధాలుగా రావచ్చు. అందులో రెండూ ఆసులు కావడం 6 విధాలే. అంటే 221 పంపకాలకు ఒకసారి. మనుషులు కూర్చుని చేత్తో కలిపి పంచే బల్ల మీద గంటకు 30 పంపకాలు పడితే గొప్ప. ఏడు గంటలు కూర్చుంటే ఒకసారి ఆసుల జత కంటబడుతుంది. కంప్యూటరుకు ముక్కలు కలిపే పని లేదు. గంటకు 70 పంపకాలు వేస్తుంది. ఎనిమిది బల్లలైతే 560. ఆసుల జత గంటకు రెండుమూడుసార్లు వచ్చి పలకరిస్తుంది. మామూలు ఆటగాడికి ఒక బల్ల దగ్గర నూటికి డెబ్బై ఎనభై సార్లు పారేయడమే పని. ఆ తీరిక సమయంలో మరో బల్ల చూడవచ్చునని ఎవరికి తోచదు?

వాడి హీరో

ఈ ఆట తెరమీదికి వచ్చి ఎంతోకాలం కాలేదు. 1998 జనవరి 1న ప్లానెట్ పోకర్ అనే సంస్థ ఇంటర్నెట్టులో డబ్బుకు పోకరు ఆడించడం మొదలుపెట్టింది. అయిదేళ్లకు, 2003లో, అమెరికాలో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు వంద డాలర్లలోపు రుసుముతో ఇంటర్నెట్టు పోటీలో నెగ్గి, ఆ గెలుపుతో లాస్ వేగాస్‌లో జరిగే ప్రపంచ పోటీకి అర్హత సంపాదించాడు. అక్కడ 839 మందిలో మొదటివాడై 25 లక్షల డాలర్లు పట్టుకుపోయాడు. మనీమేకర్ అన్నది అతని అసలు ఇంటిపేరే! మర్నాటి ఏడు అదే పోటీకి 2,576 మంది వచ్చారు. 2006లో 8,773 మంది. ఆ అకౌంటెంటు గెలిచిన సంగతి అందరికీ తెలిసింది. అతని దారిలో బయలుదేరి ఓడినవారి సంగతి ఏ పత్రికా వెయ్యలేదు.

మా మేనల్లుడి హీరో అతను కాదు. ర్యాండీ లూ అని మరో అమెరికావాడు. అనేక బల్లలమీద ఒకేసారి ఆడడంలో అతన్ని మించినవాడు లేడని వాడు చెప్పాడు. 2012 జనవరిలో బహామా దీవులలో ఎనిమిది గంటలు ఏకబిగిన కూర్చుని 23,493 పంపకాలు ఆడి గిన్నెస్ పుస్తకంలోకి ఎక్కాడట.

"ఎంత గెలిచాడు?" అన్నాను గుమాస్తా బుద్ధి పోనిచ్చుకోక.

వాడికి తెలియదు. వెతికి చూశాం. ఆ రికార్డుకు ఒక షరతు ఉంది: ఆట ముగిసేసరికి లాభంలో ఉండాలి. లూ లాభంలోనే లేచాడు. ఆ లాభం 7 డాలర్ల 65 సెంట్లు.

కాగితం తీసి లెక్క వేశాను. నిమిషానికి దరిదాపు 49 పంపకాలు. మూడువేల పైచిలుకు పంపకాలకు ఒక డాలరు. అప్పటి మారకంలో మొత్తం నాలుగు వందల రూపాయలకు కాస్త తక్కువ. అతను సామాన్యుడు కాదు, ఏళ్ల తరబడి ఆ పనిమీదే బతికినవాడు. అంత వేగంలో అంతటివాడికి మిగిలింది అది. ఆ రోజు అతను చూపినది డబ్బు సంపాదన కాదు, నష్టపోకుండా ఉండడం. అదే అంత కష్టమన్నమాట.

మేనల్లుడు కాగితం చూసి, "ఆయన రికార్డు కోసం ఆడిండు మామా, పైసల కోసం కాదు," అన్నాడు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు.

ఎనిమిది సాంచల మనిషి

ఒక మనిషి ఎనిమిది పనులు ఒకేసారి చూడగలడా అని అడిగేవారు సిరిసిల్ల వచ్చి చూడాలి. మా ఊళ్లో మరమగ్గాన్ని సాంచ అంటారు. ఒక కార్మికుడు నాలుగు సాంచలు చూడడం మామూలు; ఎనిమిది చూసేవారు కూడా ఉన్నారు. కార్ఖానాలో అడుగుపెడితే పక్కమనిషి మాట వినపడదు. అయినా ఆ హోరులో ఒక్క సాంచ ఆగితే కార్మికుడు అటు తిరుగుతాడు. వాడు చప్పుళ్లు వినడు; చప్పుడులో వచ్చిన తేడా వింటాడు. కండె అయిపోతే నాడెలో కొత్త కండె పెట్టాలి. పడుగులో పోగు తెగితే ముడి వెయ్యాలి. తెగిన పోగు చూడకుండా వదిలితే బట్ట మీద గీత పడుతుంది. ఆ బట్టకు కూలి కోస్తారు.

మేనల్లుడు గంట మోగిన గడికి చెయ్యి పంపడం చూసినప్పుడు నాకు నా సాంచల రోజులే గుర్తుకు వచ్చాయి. వాడు కూడా ఎనిమిదింటినీ చూడడం లేదు. పిలిచినదాన్ని చూస్తున్నాడు. చెడ్డ ముక్కలు వస్తే ఆలోచన లేకుండా పారేస్తున్నాడు. ఇందులో నేర్పు లేదని అనను.

అయితే రెండు తేడాలున్నాయి. మొదటిది, సాంచలో పోగు ప్రతిసారీ ఒకే తీరుగా తెగుతుంది, ఒకే తీరుగా ముడివేస్తాం. బల్ల దగ్గర ఎదుటివాడు మనిషి. ఇందాక అరగంట నోరు మెదపనివాడు ఇప్పుడెందుకు పందెం పెంచాడన్నది ఆ అరగంటా వాణ్ని గమనించినవాడికే తెలుస్తుంది. ఎనిమిది బల్లలకు డెబ్బై రెండు కుర్చీలు. వాటిలో కూర్చున్నవారిలో ఏ ఒక్కరినీ మనవాడు గమనించలేడు. ముక్కలు తెలుస్తాయి, మనుషులు తెలియరు. ఆటలో నేర్పు అని దేన్ని అన్నామో అది బల్లలు పెరిగిన కొద్దీ తరిగిపోతుంది. టోర్నమెంట్లలో మరో ఇబ్బంది ఉంది. ఎనిమిదీ ఇంచుమించు ఒకే వేళకు మొదలవుతాయి. అందుచేత రెండుమూడింటిలో బహుమతుల ఘట్టం కూడా ఒకే వేళకు వస్తుంది. నిదానంగా ఆలోచించవలసిన సమయానికే సెకండ్లు చాలవు.

రెండో తేడా ఇంకా పెద్దది. ఎనిమిది సాంచలు ఆడితే ఎనిమిది సాంచల బట్ట వస్తుంది. కూలి తక్కువని గొణుక్కుంటాం గాని, సాయంకాలానికి బట్ట తానుగా చుట్టుకుని కనబడుతుంది. బల్లలమీద ఏమీ తయారు కాదు. అక్కడున్న డబ్బంతా ఆటగాళ్లు తెచ్చి పోసిందే. అందులోనుంచి నిర్వాహకుడు ముందుగా తన వాటా తీసుకుంటాడు. మిగిలినది ఆటగాళ్లు పంచుకుంటారు.

గెలిచిన రాత్రులు

మర్నాడు ఉదయం నేను మేనల్లుడికి ఒక ఖాతా పుస్తకం కొనిచ్చాను. "ఆట మానమని నేను చెప్పను. నువ్వు లెక్క అన్నావు, లెక్క రాయి. కట్టింది ఎడమవైపు, వచ్చింది కుడివైపు. నెలకు మళ్లీ వస్తా," అన్నాను. వాడు నవ్వి సరేనన్నాడు. గెలుస్తున్నవాడికి పుస్తకమంటే భయం ఉండదు.

బస్సులో కూర్చుని నేనూ ఒక లెక్క వేసుకున్నాను. వాడు ఆడే టోర్నమెంటు రుసుము 55 రూపాయలు. అందులో 50 బహుమతుల్లోకి, 5 నిర్వాహకుడికి. వందమంది చేరితే 5,500 వసూలు. బహుమతులు 5,000. పదిహేనుమందికి బహుమతులు ఇస్తారనుకుందాం. అందరూ సమానమైన నేర్పుగలవారే అనుకుంటే, ఒక టోర్నమెంటులో బహుమతి వచ్చే అవకాశం నూటికి 15. రాకపోయే అవకాశం నూటికి 85.

ఒక్క బల్ల ఆడేవాడు ముప్పై రాత్రులలో నాలుగైదు రాత్రులే ఏదైనా గెలుచుకుంటాడు. ఇరవై అయిదు రాత్రులు ఉత్తచేతులతో పడుకుంటాడు. పది రోజులు తిరిగేసరికి, ఇది మనవల్ల అయ్యే పని కాదని వాడికే తోస్తుంది.

ఎనిమిది బల్లలు ఆడేవాడి సంగతి చూడండి. ఎనిమిదింటిలో ఒక్కటి కూడా రాకుండా పోవాలంటే 85 శాతం ఎనిమిదిసార్లు వరసగా జరగాలి. 0.85ను ఎనిమిదిసార్లు గుణిస్తే 0.27 వస్తుంది. అంటే నూటికి 73 రాత్రులు ఏదో ఒక బహుమతి వస్తుంది. నెలకు ఇరవై రెండు రాత్రులు! కానీ వాడు రాత్రికి కట్టేది 440 రూపాయలు. సగటున తిరిగి వచ్చేది 400. రాత్రికి 40 చొప్పున నెలకు 1,200 రూపాయలు పోతూనే ఉంటాయి. పోతూ ఉండగానే నెలకు ఇరవై రెండుసార్లు "గెలిచాను" అనుకుంటాడు.

బస్సు మేడిపల్లి దాటిందో లేదో గాని, నాకు మాత్రం విషయం అర్థమైంది. ఎనిమిది బల్లలు నష్టాన్ని ఎనిమిదింతలు చెయ్యడం ఒక ఎత్తు. ఆ నష్టాన్ని ఆడేవాడి కంటికి కనపడకుండా చెయ్యడం మరో ఎత్తు. 440 కట్టి 100 రూపాయల చిన్న బహుమతి తెచ్చుకున్న రాత్రి కూడా తెరమీద అభినందనలే వస్తాయి. మిగతా ఏడు బల్లలమీద పోయినందుకు ఏ గంటా మోగదు.

నెల తరువాత వెళ్లాను. వాడు పుస్తకం నిజాయితీగా రాశాడు. అందుకు వాణ్ని మెచ్చుకోవాలి. ముప్పై రాత్రులలో ఇరవై ఒక్క రాత్రి బహుమతి వచ్చింది. నా లెక్కకు ఒక్కటే తక్కువ. ఎడమవైపు కూడితే మాత్రం 13,200 ఉండవలసింది 15,565 ఉంది. ఇదెక్కడిదని అడిగాను.

"మొదట్లనే అవుటైతే మళ్ల కట్టి చేరచ్చు మామా. గట్ల నలభై మూడుసార్లు చేరిన," అన్నాడు మెల్లగా. ఇంతకుముందు వాటిని వాడు ఎప్పుడూ లెక్కలో వేసుకోలేదట.

కుడివైపు 11,240. తేడా 4,325 రూపాయలు. అందులో నిర్వాహకుడి వాటా 283 రుసుములకు అయిదేసి చొప్పున 1,415. మిగిలిన 2,910 వాడికంటె బాగా ఆడినవారికి, లేదా వాడికంటె తక్కువ బల్లలమీద ఎక్కువ శ్రద్ధగా ఆడినవారికి పోయింది.

మా చెల్లెలు గుమ్మంలో నిలబడి వింటున్నది. బడికి పోయింది కాదు గాని, వెయ్యి బీడీల కూలి ఆమెకు కొలబద్ద. వేళ్లమీద ఏదో లెక్కించుకుని, "నా నెల కూలికన్న ఎక్కువనే పాయె గదనే అన్నా," అన్నది. తిట్టలేదు. తిడితే బాగుండునని మేనల్లుడి ముఖం చూస్తే అనిపించింది.

ఋతుపర్ణుడి చెట్టు

మన పురాణాలలో జూదగాళ్లకు తక్కువ లేదు. ధర్మరాజు ఓడిన సంగతి అందరూ చెప్పుకుంటారు. ఓడినవాడు తిరిగి గెలిచిన కథ ఒకటుంది, అది నలుడిది. రాజ్యం పోగొట్టుకుని, బాహుకుడనే పేరుతో నలుడు అయోధ్య రాజైన ఋతుపర్ణుడికి రథం తోలుతూ ఉండగా, దారిలో ఒక తాండ్రచెట్టు కనబడింది. చెట్టుకు ఆకులెన్ని, కాయలెన్ని అన్నది ఋతుపర్ణుడు చూస్తూనే చెప్పాడు. నలుడు ఆ మాట నమ్మి ఊరుకోలేదు. రథం ఆపి దిగి లెక్కపెట్టాడు. సరిపోయింది. అప్పుడు తనకు తెలిసిన అశ్వవిద్య ఇచ్చి, ఆ రాజు దగ్గర అక్షవిద్య నేర్చుకున్నాడు. నేర్చిన పిమ్మట పుష్కరుడితో ఒకే ఒక పందెం వేసి రాజ్యం గెలుచుకున్నాడు.

ఈ కథ మేనల్లుడికి చెప్పాను. వాడు ఆలోచించాడు. ఆ తరువాత రెండు నెలలు ఒక్కొక్క బల్లే ఆడి, పుస్తకం రాశాడు. నష్టం చాలామట్టుకు తగ్గింది. దరిదాపు నిర్వాహకుడి వాటా మాత్రమే పోయింది. అంటే వాడి నేర్పు అబద్ధం కాదు. శ్రద్ధగా ఆడితే తోటివారితో సరితూగే పాటి ఆటగాడే. కాని తోటివారితో సరితూగడం చాలదు. నిర్వాహకుడి వాటాను మించి గెలవగలిగితేనే మిగులు.

"రాత్రంత మేల్కొని వాని సాంచ నేను నడుపుతున్న మామా. కూలి కూడ నేనే కడ్తున్న," అన్నాడొకనాడు ఫోనులో. సిరిసిల్లలో పుట్టనివాడి నోట ఆ మాట విని నేను చాలాసేపు ఊరుకున్నాను.

చట్టం మాట

ఇది నేర్పు ఆటా, అదృష్టం ఆటా అనే వాదం మన రాష్ట్రంలోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సికిందరాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవారిపై పెట్టిన కేసులో, 1967 నవంబరులో తీర్పు వచ్చింది. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి గనక రమ్మీ ముఖ్యంగా నేర్పు ఆట అనీ, మూడు ముక్కలాటలాగా కేవలం అదృష్టం కాదనీ న్యాయస్థానం అన్నది. ఆ మాటను తరువాత ఇంటర్నెట్టు కంపెనీలన్నీ నెత్తిన పెట్టుకున్నాయి. అదే తీర్పులో, ఆటమీద ఇంటివాడు లాభం తీస్తూ ఉంటే సంగతి వేరవుతుందన్న మాట కూడా ఉంది. దాన్ని అంతగా ఎవరూ చెప్పుకోలేదు. పోకరు విషయంలో మాత్రం దేశంలోని హైకోర్టులు ఒక్కమాటమీద నిలబడలేదు.

2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, ఆ ఏడే చట్టం సవరించి, ఇంటర్నెట్టులో డబ్బుకు ఆడే ఆటలను రమ్మీతో సహా నిషేధించింది. 2020లో ఆంధ్రప్రదేశ్ కూడా అదే పని చేసింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం అసలు వాదాన్నే పక్కకు నెట్టింది: నేర్పయినా, అదృష్టమైనా, డబ్బు కట్టి ఇంటర్నెట్టులో ఆడే ఆటను నడపకూడదన్నది. నడిపేవారికి మూడేళ్లవరకు జైలు, కోటి రూపాయలవరకు జరిమానా. ఆడేవారికి ఆ చట్టం శిక్ష చెప్పలేదు. దేశంలోని పెద్ద సంస్థలు వెంటనే డబ్బు ఆటలు ఆపివేశాయి. చట్టాన్ని సవాలు చేస్తూ కొందరు కోర్టులకు వెళ్లారు.

చట్టం తలుపు మూయగలదు. విదేశాలలో కూర్చుని కిటికీ తెరిచేవారు ఎప్పుడూ ఉంటారు. అలాంటి కిటికీ దగ్గర మన ఇంటి కుర్రవాడు కూర్చుంటే, "జూదం పాపం" అంటే వినడు. తనది జూదం కాదు, లెక్క అంటాడు. మంచిదే. లెక్క అన్నవాడికి ఒక పుస్తకం కొనిచ్చి, మళ్లీ మళ్లీ కట్టిన రుసుములతో సహా రెండువైపులా రాయమనండి. గెలిచిన రాత్రులెన్నని అడగకండి. నెలాఖరున రెండువైపులా కూడి చూపించమనండి.

మా మేనల్లుడు 2017 వేసవికి ముందే ఆట చాలించాడు. ఆ జూన్‌లో తెరమీద తెలంగాణవారికి ప్రవేశం లేదన్న నోటీసు వచ్చిందని పాత స్నేహితులు చెబితే విన్నాడంతే. ఇప్పుడు కరీంనగరంలో ఒక దుకాణంలో లెక్కలు చూస్తున్నాడు. బావ మస్కట్‌నుంచి వచ్చాడు. ఇంటికి స్లాబు పడింది. గృహప్రవేశంనాడు అలమారు సర్దుతూ ఉంటే ఆ ఖాతా పుస్తకం బయటపడింది. మొదటి ముప్పై పుటలు పోకరు లెక్కలు. ఆ తరువాతి పుటనుంచి చెల్లెలి చేతిరాత మొదలైంది: సిమెంటు ఇన్ని బస్తాలు, ఇసుక ఇన్ని ట్రాక్టర్లు, సలాకలు ఇన్ని. ఎప్పుడు నేర్చుకుందో అంకెలన్నీ గుండ్రంగా, వరసగా ఉన్నాయి.

"కాయిదం ఖాళీగ ఉండె గదా అన్నా, పారేయబుద్ధి గాలె," అన్నది.